నడుము పైకి మాత్రమే

ఆదివారం, సాయంత్రం ఆరు గంటల నలభై రెండు నిమిషాలు. నాకు జ్ఞాపకశక్తి ఎక్కువై ఇంత కచ్చితంగా చెప్పడం లేదు. ఈ కాలం కెమెరా ప్రతి ఫోటోతో పాటు రోజునూ గంటనూ నిమిషాన్నీ దాచిపెట్టుకుంటుంది. నేను మరిచిపోదామన్నా అది మరవనివ్వదు.

ఆ నిమిషానికి తిరుపతిలో, రేణిగుంట రోడ్డు పక్కన ఒక కల్యాణ మండపంలో, ఆ ఉదయమే తిరుచానూరులో తాళి కట్టించుకుని వచ్చిన పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు చేయి పట్టుకుని అందరి ముందర డాన్సు మొదలుపెట్టింది. ఇంకొక నిమిషానికి ఆ పాట ఆగిపోయింది. ఆపించింది నేను.

పెళ్ళి ఫోటోలు తీసే పనిలో నలభై ఏళ్ళున్నాను. కార్వేటినగరంలో బస్సులు ఆగేచోట నాకొక చిన్న స్టూడియో ఉండేది. ఇప్పుడు లేదు. కెమెరా కొత్తగా పట్టుకున్న పిల్లలు కొందరు అప్పుడప్పుడు వచ్చి, మీ కాలం సంగతులు చెప్పమంటారు. బాగా వచ్చిన ఫోటోల సంగతులు ఎవరైనా చెబుతారు. నేను ఇది చెబుతాను.

ముందు ఒక విషయం. అప్పటికి నాకు చదువు రాదు. బడి ముఖం చూడకముందే మా నాయన నన్ను చిత్తూరులో ఒక స్టూడియోలో పనికి పెట్టాడు. చీకటిగదిలో ఫోటోలు కడగడంతో మొదలుపెట్టి, ఒక్క అక్షరం అవసరం లేకుండానే పని మొత్తం నేర్చుకున్నాను. ఎవరి పెళ్ళి ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని ఫోటోలు, అంతా తలలోనే. ఎవరైనా కాగితం చేతిలో పెడితే, “అద్దాలు ఇంట్లో మర్సిపోయినా” అనేవాణ్ణి. నాతో పదిహేనేళ్ళు కలిసి తిరిగిన వీడియో అతను ఒకసారి అడిగేశాడు.

“అద్దాలు లేకుండా ఫోకస్సు ఎట్ల జేస్తావన్నా నువ్వు?”

“దూరంది కనిపిస్తాదబ్బా. దగ్గరిదే కనిపించదు.”

నమ్మాడు. లేకపోతే నమ్మినట్టు ఊరుకున్నాడు. నా భార్యకు తప్ప ఈ సంగతి ఇంకెవరికీ తెలియదని అనుకునేవాణ్ణి.

చదువు రానివాడికి కంటిమీద గర్వం ఎక్కువ. ఫోటో నేను అనుకున్నట్టు పడకపోతే ఊరుకునేవాణ్ణి కాదు. తలంబ్రాలు ఇంకోసారి పొయ్యండి, దండ ఇంకోసారి వెయ్యండి, అమ్మా, కండ్లనీళ్ళు తుడుచుకోబాక, ఇంకోసారి ఏడు. చుట్టుపక్కల పెళ్ళిళ్ళు చేయించే అయ్యవార్లంతా నాకు ‘ఇంకోసారాయన’ అని పేరు పెట్టారు. ఒకాయనైతే ముహూర్తం దాటిపోతుంటే పీటలమీదే తగులుకున్నాడు: “ఏమయ్యా, మూడు ముళ్ళు సాలవా నీకు? తొమ్మిది ఏపిస్తావా?” మండపమంతా నవ్వింది. నేనూ నవ్వి, మూడో ముడి ఇంకోసారి పట్టుకోమన్నాను. అది నా పనితనం అనుకున్నాను. ఎదుటివాళ్ళ పెళ్ళి నా ఫోటో కోసం జరుగుతోందని ఎన్నడు అనుకోవడం మొదలుపెట్టానో నాకే తెలియదు.

ఆ జంట పెళ్ళికి పది రోజుల ముందు స్టూడియోకు వచ్చారు. అమ్మాయిది మా పక్క పల్లె. అబ్బాయిది నాయుడుపేట, అక్కడే ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని. అమ్మాయి లోపలికి నడిచి వస్తుంటే చూశాను. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు ఎదగలేదు. ఆ కాలికి అడుగుభాగం మందంగా ఉన్న ఎత్తు చెప్పు వేసుకుంది. అడుగడుక్కీ మనిషి ఒకవైపు దిగి లేస్తోంది.

“రిసెప్షన్లో మేమిద్దరం డాన్సు జేస్తామన్నా. మూడు నెల్లనించి నేర్సుకుంటా ఉండాం,” అన్నాడు అబ్బాయి.

“ఈమె సెప్పిందా, నువ్వు సెప్పినావా డాన్సని?”

“ఆమే. నాకు సేతకాదంటే కొట్టేంత పని జేసింది.”

అమ్మాయి నవ్వి, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి నా బల్లమీద పెట్టింది. “డాన్సు ఎట్ల తియ్యాల్నో అంతా దీంట్లో రాసినానన్నా. నోటితో సెప్పాలంటే నాకు సిగ్గు. సదువుకో.”

“అద్దాలు ఇంట్లో ఉండాయమ్మా. సాయంత్రం సదువుతా.”

“మర్సిపోబాకన్నా. నాకు అదొక్కటే ముఖ్యం. మిగతావి ఎట్ల తీసినా నేను అడగను.”

ఆ కాగితంలో ఏముందో మీకు ఇప్పుడే చెప్పేస్తాను. నాకు తెలిసింది మాత్రం మూడేళ్ళ తర్వాత. డాన్సు చేసేటప్పుడు తలనుంచి పాదాల దాకా నిలువుగా తియ్యమంది. తన ఎత్తు చెప్పు కనపడాలంది. పాట మూడున్నర నిమిషాలు, తన కాలు అంతవరకే ఓర్చుకుంటుంది, రెండోసారి చేయలేదు, కాబట్టి ఏమైనా సరే మధ్యలో ఆపవద్దంది. బడిలో వార్షికోత్సవానికి ప్రతిసారీ తనకు తెర లాగే పని ఇచ్చేవాళ్ళని, ఒక్కసారైనా తెరకు ఇవతల ఉన్నట్టు ఫోటో కావాలని రాసింది. తన నాయన ఏమన్నా చెబితే వినొద్దు అని కూడా రాసింది. చివరన ఇంకొక ముక్క ఉంది. అది తర్వాత చెబుతాను.

ఆ పది రోజుల్లో ఆ కాగితం ఎవరిచేతనైనా చదివించుకోవచ్చు. పక్క అంగట్లో టీ కాచే ఆయనకు చదువొచ్చు. వీడియో అతనికి వచ్చు. అడగలేదు. ఏముంటుందిలే, దండ మార్చుకున్నట్టు తియ్యి, గులాబీ రేకులు చల్లినప్పుడు తియ్యి అని రాసుంటుంది అనుకున్నాను. అందరూ అవే అడుగుతారు. కాగితాన్ని కెమెరా సంచి పక్క అరలో, పాత బ్యాటరీలతో పాటు పెట్టేశాను.

పెళ్ళిరోజు సాయంత్రం మండపంలో లైట్లు సరిచూసుకుంటున్నాను. పెళ్ళికూతురి నాయన నా దగ్గరికి వచ్చాడు. గడ్డం గీయించుకుని, కొత్త పంచెలో, ఎవరి పెళ్ళికో వచ్చినవాడిలాగా ముడుచుకుని ఉన్నాడు.

“అప్పా, ఒక మాట. డాన్సు వద్దురా అంటే వినల్యా. అల్లుడోళ్ళ సుట్టాలు శానామంది వచ్చినారు. కాలు కనపడకుండా సూసుకో.”

“నాకు సెప్పాల్నా? నేను సూసుకుంటా పో.”

ఆయన నా చేయి గట్టిగా పట్టుకుని వదిలాడు. ఆయన మాట నాకు చెవిలో పడింది. ఆమె మాట సంచిలో పడి ఉంది. నేను చెవిలో పడినదే విన్నాను.

నిజం చెప్పాలంటే, ఆయన చెప్పకపోయినా అదే చేసేవాణ్ణి. నాకు రానిది ఒకటుంటే దాచుకోవాలి, దాచుకుంటేనే మర్యాద అని నమ్మి బతికాను. ఇంకొకరు దాచుకోకుండా పదిమంది ముందుకు వస్తారని, రావాలనుకుంటారని నాకు తోచనే లేదు.

సౌండు సెట్టు అతను పాట పెట్టాడు. పెళ్ళికూతురు చీరను చీలమండలు కనపడేటట్టు కొంచెం పైకి కట్టుకుని వచ్చింది. చెప్పుకు ఎర్ర పట్టుగుడ్డ కుట్టించింది. అది చూసి కూడా నాకు అర్థం కాలేదు, చూడండి. దాచాలనుకున్న మనిషి చెప్పుకు ఎర్రపట్టు ఎందుకు కుట్టిస్తుంది?

లైటు సరిపోయిందో లేదో చూడటానికి మొదట నిలువుగా ఒక ఫోటో కొట్టాను. ఆరు నలభై రెండు.

వాళ్ళ డాన్సు ఇప్పుడు నాకు బాగా తెలుస్తోంది. అప్పుడు కళ్ళముందు జరిగింది, అప్పుడు తెలియలేదు. ఆమె కుడి అడుగు వేసినప్పుడు మనిషి దిగుతుంది కదా, సరిగ్గా ఆ దెబ్బకు ఆ అబ్బాయి కూడా మోకాలు వంచి దిగుతున్నాడు. ఇద్దరూ కలిసి దిగి, కలిసి లేస్తున్నారు. ఆమె నడకనే డాన్సు చేశారు వాళ్ళు. మూడు నెలలు నేర్చుకున్నది అది. ముందు వరసలో కూర్చున్న ఆమె అవ్వ, ఆ దిగినప్పుడల్లా ఒక చప్పట కొట్టింది. పక్కవాళ్ళు అందుకున్నారు. వెనక వరసలు అందుకున్నాయి.

నాకు కెమెరాలో ఎర్ర చెప్పు ఒక్కటే కనిపిస్తోంది. ఎటు తిరిగినా అదే. పక్కకు జరిగాను, కుర్చీ ఎక్కాను, దిగాను. ఫోటో చెడిపోతోంది అన్న కోపం తప్ప నా తలలో ఇంకేమీ లేదు. సౌండు సెట్టు అతనికి చేయి ఊపి ఆపమన్నాను. అతను అర్థంకానట్టు చూశాడు. మళ్ళీ ఊపాను. పక్కనుంచి వీడియో అతను, “అన్నా, సాగనీలే, బాగుండాది,” అన్నాడు.

“నీకేం తెలుసురా!” అన్నాను.

పాట ఆగింది. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పెళ్ళిళ్ళలో అరిచి అరిచి నా గొంతు పెద్దది. ఆ నిశ్శబ్దంలో నేను అన్నమాట చివర కుర్చీ దాకా వినిపించింది.

“అమ్మా, కాలు కనపడతా ఉండాది. సీర దించుకో. ఎగరొద్దు మీరు, ఊరికే సేతులు పట్టుకోని నిలబడండి సాలు. నడుం పైకి మాత్రం తీస్తా. ఇంకోసారి!”

పెళ్ళికూతురు కదలలేదు. నన్నే చూసింది. చాలా చిన్నగా అడిగింది.

“అన్నా, కాయితం సదవలేదా?”

ఇక్కడ నేను నిజం చెప్పి ఉండవచ్చు. అద్దాల సంగతైనా ఇంకోసారి చెప్పి ఉండవచ్చు. చుట్టూ అంతమంది ఉన్నారు, నా వీడియో అతను పక్కనే ఉన్నాడు.

“సదివినామ్మా. నాకంతా తెలుసు. నా మాట విను,” అన్నాను.

ఆమె తల వంచి, వంగి, కుచ్చిళ్ళు కిందికి లాక్కుంది. ఎర్రపట్టు కనపడకుండా పోయింది.

ముందు వరసలోనుంచి అవ్వ లేచింది. “ఏందిరా ఆపేసినావు? బలే ఎగరతా ఉండె గదా నా బిడ్డ! నీకేం కడుపునొప్పి?”

“ఫోటో కోసం అవ్వా, కూసో.”

“పొటో నీ మొగానికి తీసుకో!”

కొందరు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత తొమ్మిది ఫోటోలు తీశాను, నడుము పైకి. తొమ్మిదింటిలోనూ పెళ్ళికూతురు నవ్వుతోంది. నవ్వమని చెప్పింది నేనే.

అయిపోయాక పెళ్ళికొడుకు సౌండు సెట్టు వైపు తిరిగి, “పాట మొదట్నించి పెట్టన్నా,” అన్నాడు. ఆమె అతని భుజం పట్టుకుని ఆపింది. “వద్దులే. కాలు పట్టేసింది.” వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

భోజనాల దగ్గర ఆమె నాయన నన్ను వెతుక్కుంటూ వచ్చి, నా ఆకు ముందర నిలబడి దండం పెట్టాడు. “మర్యాద కాపాడినావప్పా.” ఆ దండం నేను తీసుకున్నాను. ఇంకొక ముద్ద ఎక్కువే తిన్నాను ఆ పూట.

ఆల్బం తీసుకుపోవడానికి పెళ్ళికొడుకు ఒక్కడే వచ్చాడు. ఒక్కొక్క పేజీ తిప్పి, డాన్సు పేజీ దగ్గర ఆగాడు. ఏమైనా అంటాడేమో అని చూశాను. “సరేన్నా,” అని మూసి, సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. వీడియోలో కూడా ఆ డాన్సు లేదు. ఆగిపోయిన పాట చూడటానికి బాగుండదని నేనే తీసెయ్యమన్నాను. వీడియో అతను ఇష్టం లేకుండానే తీసేశాడు. ఆ తర్వాత వేరే స్టూడియోవాళ్ళతో వెళ్ళడం మొదలుపెట్టాడు.

రెండేళ్ళకు మా ఊళ్ళో ఆడవాళ్ళ సంఘంలో చదువు నేర్పించారు. నా భార్య వెళ్ళింది. నాలుగు నెలల్లో బస్సుల బోర్డులు చదవడం మొదలుపెట్టింది. తర్వాత నామీద పడింది. ఇంట్లో కూర్చోబెట్టి, ఆమె పుస్తకంలోనే నాకు నేర్పింది. నాకు అరవై దగ్గర పడ్డాయి. చేయి వణుకుతుందంటే వదిలేది కాదు.

“ఊరందర్నీ ఇంకోసారి ఇంకోసారని సంపినావు గదా. ఇప్పుడు రాయి నువ్వు, ఇంకోసారి!”

రాశాను. ఎన్నిసార్లు రాశానో.

ఆ మరుసటి ఏడు స్టూడియో ఖాళీ చేశాను. మధ్యాహ్నం ఇంట్లో పాత సంచులు దులుపుతుంటే, ఉబ్బిపోయిన బ్యాటరీల మధ్య ఆ కాగితం దొరికింది. నా భార్య ఎదురుగా కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చదువు చూపించుకుందామని గట్టిగా చదవడం మొదలుపెట్టాను. ఒక్కొక్క మాట కూడబలుక్కుంటూ ఆ ఒక్క పేజీకి నాకు చాలాసేపు పట్టింది. సగంలో గొంతు దానంతట అదే తగ్గిపోయింది. నా భార్య చేయి ఆపి వింటోంది.

చివరి ముక్క అని చెప్పాను కదా, అది ఇది:

“అన్నా, నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా బడికి గ్రూపు ఫోటో తియ్యను వచ్చినావు. అయ్యవారు నన్ను వెనకాల నిలబెడితే, నువ్వు పిలిచి ముందర నిలబెట్టినావు. అందుకే నిన్ను అడగతా ఉండాను.”

నాకు అది గుర్తు కూడా లేదు. పొట్టివాళ్ళను ముందర నిలబెట్టడం గ్రూపు ఫోటోకు అలవాటు. పొట్టిగా ఉందని పిలిచి ఉంటాను. కాలు చూసి ఉండను. చూసి ఉంటే ఏం చేసేవాణ్ణో మీకు తెలుసు ఇప్పుడు.

“ఎవురు రాసిందయ్యా ఇది?” అడిగింది నా భార్య.

“ఒక పెండ్లికూతురు.”

“తీసినావా ఆమె అడిగినట్ల?”

“ఆపేసినా.”

ఆమె చింతపండు చేట పక్కకు జరిపి, లేచి లోపలికి వెళ్ళింది. ముప్పై ఆరేళ్ళ కాపురంలో నన్ను తిట్టకుండా లేచి పోయింది ఆ ఒక్కసారే.

ఆ రోజంతా కూర్చుని ఆ పెళ్ళి ఫోటోలన్నీ కంప్యూటర్లో తిరగేశాను. పనికిరానివని పక్కన పడేసిన వాటిలో, లైటు కోసం మొదట కొట్టిన ఫోటో దొరికింది. తల నుంచి పాదాల దాకా ఉంది. మనుషులు కదులుతుండటంతో ముఖాలు అలుక్కుపోయాయి. నేలకు ఆనించిన కుడిపాదం మాత్రం కదలలేదు. ఎర్రపట్టు కుట్టిన చెప్పు, దాని కుట్లతో సహా స్పష్టంగా పడింది. ముఖాలు చెడిపోయాయని నేను పారేసిన ఫోటో అది.

పెద్ద సైజులో అచ్చు వేయించుకుని నాయుడుపేట వెళ్ళాను. ఇంటి ముందర గదిలో బట్టలు కుడుతోంది ఆమె, మోటారు పెట్టిన మిషను మీద. నన్ను గుర్తుపట్టి మిషను ఆపింది. లోపలినుంచి ఆమె భర్త కుర్చీ తెచ్చి వేశాడు.

నేను కూర్చోలేదు. కూర్చుంటే మాట రాదని తెలుసు.

“నాకు అప్పుడు సదువు రాదమ్మా. నీ కాయితం సదవలా. సదివినానని అబద్ధం జెప్పినా.”

ఆమె మిషను మీదనుంచి గుడ్డ తీసేసింది.

“సదివి గూడా ఆపినావనుకుంటి గదన్నా, ఇన్నాళ్ళూ. అంతా తెలిసి గూడా, ఈ కాలు సూడాలంటే నీకే అసయ్యమనుకుంటి.” కత్తెర తీసి పక్కన పెట్టింది. “సదువు రాదని ఒక్కమాట సెప్పుంటే, నేనే సదివి వినిపిస్తా ఉంటిని. ఎంతసేపు అది?”

సంచి విప్పాను.

ఫోటో ఇచ్చాను. ఆమె ముఖాలు చూడలేదు. నేరుగా కిందికి చూసింది. వేలితో ఆ చెప్పు మీద ఒకసారి రాసింది, గుడ్డ నాణ్యం చూసేవాళ్ళలాగా. భర్త వెనకనుంచి వంగి చూసి, “మన మొగాలు యాడుండాయి దీంట్లో?” అన్నాడు.

“మొగాలు ఇంట్లోనే ఉండాయి గదా, రోజూ సూసుకోవచ్చు,” అంది. తర్వాత నావైపు తిరిగింది. “ఇదొకటేనా?”

“ఒకటే.”

“ఇంకోసారి తీస్తాననలేదే?”

నేను తల దించుకున్నాను. ఆమె నవ్వలేదు. ఫోటోను బోర్లించి మిషను బల్లమీద పెట్టి, గుడ్డలమీద గీతలు గీసే పెన్సిలు నా చేతిలో పెట్టింది.

“సదువు వచ్చింది గదా ఇప్పుడు. ఆ దినం ఎవురెవురు ఉండారో ఎనకాల రాయి. మా అవ్వ ఇప్పుడు లేదు, ఆమె పేరు మొదట రాయి. నేను సెప్తా.”

ఆమె చెప్పింది, నేను రాశాను. నా రాత సంగతి మీకు తెలుసు కదా, ఒక్కొక్క పేరుకు ఎంత సేపు పట్టిందో. ఆమె తొందర పెట్టలేదు. చివరికి, “నీ పేరు గూడా రాయి,” అంది. రాశాను.

“పక్కన ఏం రాసేదమ్మా? ఫోటో తీసినోడు అనా?”

“అదీ రాయి. పాట ఆపినోడని గూడా రాయి. రెండూ నువ్వే గదా.”

పేర్లు ఆ ఫోటో వెనకాల ఉన్నాయి, అక్కడే ఉండనివ్వండి. ఆమె చెప్పిన వరసలో ఎవరెవరో మాత్రం రాస్తాను. చప్పట్లు మొదలుపెట్టిన అవ్వ. పెళ్ళికూతురు. ఆమెతో పాటు దిగి లేచిన పెళ్ళికొడుకు. మొదటి వరసలో తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్న పెళ్ళికూతురి నాయన, పక్కన ఆమె అమ్మ. అత్తా, మామా. సాగనీలే అన్న వీడియో అతను. రెండోసారి చేయి ఊపేదాకా పాట ఆపని సౌండు సెట్టు అతను. కుర్చీల్లో చప్పట్లు అందుకున్న రెండు వైపుల చుట్టాలు. ఫోటో తీసినవాడు, పాట ఆపినవాడు, నేను.